హక్కల గారు మళ్ళీ దారి తప్పారు

ప్రొఫెసర్ వైనో హక్కల గారికి అడవిలో దారి తెలియదు. ఇందులో వింతేముంది, చాలామందికి తెలియదుగా అంటారేమో. కానీ ఆయన మా యూనివర్సిటీ సహజ వనరుల విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు అడవి పటాలు గీయడం నేర్పిన మనిషి. ఆ విద్య మీద మేం చదివిన పాఠ్యపుస్తకం కూడా ఆయన రాసిందే.

ప్రతి శుక్రవారం మమ్మల్ని వ్యాన్లో ఎక్కించుకుని యూనివర్సిటీ అడవికి తీసుకువెళ్ళేవారు. పైన్ చెట్ల చుట్టుకొలతలు తీయించేవారు. పురుగు పట్టి చచ్చిపోతున్న యాష్ చెట్లను లెక్కపెట్టించేవారు. తిరిగి వచ్చేటప్పుడు ఠక్కున ఆగి, టోపీ తీసి, తల గోక్కునేవారు.

"పిల్లలూ, చిన్న చిక్కొచ్చింది."

"మళ్ళీనా సార్!"

"ఈ వాగు పోయిన వారం ఇక్కడ లేదు."

"వాగులు నడవవు సార్," అనేవాడు మా క్లాసు టోబిన్.

"నడవకపోతే సముద్రందాకా ఎలా పోతున్నాయోయ్?"

ఆ తర్వాత దిక్సూచి తీసి ఎవరో ఒకరి చేతిలో పెట్టేవారు. "నా కళ్ళజోడు మసకబారింది, నువ్వు చూడు." అక్కడినుంచి వ్యాన్ చేరేసరికి బూట్లలో బురద, కడుపులో ఆకలి, నోట్లో తిట్లు. తన పెళ్ళినాడు కూడా పక్క ఊరి చర్చికి పోయి, ఎవరి పెళ్ళికో చప్పట్లు కొట్టి, విందు తిని వచ్చారని సీనియర్లు చెప్పుకునేవారు.

నేను చేరిన ఏడు మాత్రం నాకు నవ్వు రాలేదు. మా నాన్న చెట్లు కొట్టే పని చేసేవాడు. నేను యూనివర్సిటీకి బయలుదేరే ముందు వేసవిలో, కొడుతున్న చెట్టే మీద పడి ఆయన చనిపోయాడు. చెట్ల గురించి చదవాలని ఎంతో ముచ్చటపడి సీటు తెచ్చుకున్నదాన్ని, చెట్టు కనిపిస్తే చాలు మొహం తిప్పుకునేదాన్ని. మా ఊరు మొత్తం మూడువందల మంది. ఇక్కడ ఒక్క కెమిస్ట్రీ క్లాసులోనే నాలుగువందల మంది. "లోర్నా" అని నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అక్టోబరుకల్లా రెండు పరీక్షలు తప్పాను. ఒక బుధవారం ఆఫీసుకు వెళ్ళి, సెక్రటరీ డొలోరెస్‌ని చదువు మానేసే ఫారం అడిగాను.

"ఫారాలు అయిపోయాయమ్మా. సోమవారం రా," అంది తలెత్తకుండానే.

ఆ శుక్రవారం సీడార్ చెట్ల మధ్య, మోకాలిలోతు చిత్తడిలో హక్కల గారు దారి తప్పారు. సన్నగా మంచు కురవడం మొదలైంది. దిక్సూచి నా చేతిలో పెట్టారు.

"నాకు రాదు సార్."

"నాకూ రావడంలేదుగా. ఇద్దరిలో నీ కళ్ళు కొత్తవి."

ముల్లు నిలబడేదాకా ఆగాను. జింకలు తొక్కిన జాడ ఎప్పుడూ గట్టినేల మీదే పోతుందని చిన్నప్పుడు విన్న మాట గుర్తొచ్చింది. ఆ జాడ పట్టుకుని గంటన్నరలో పద్నాలుగు మందినీ రోడ్డు ఎక్కించాను.

"నువ్వు లేకపోతే ఈ ముసలాయన మమ్మల్ని సరిహద్దు దాటించి కెనడాలో తేల్చేవాడే!" అన్నాడు టోబిన్ మేజోళ్ళు పిండుకుంటూ.

"జింకల జాడ సంగతి ఎవరు నేర్పారమ్మా?" అని అడిగారు హక్కల గారు.

"మా నాన్న," అన్నాను. అంతే, ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన ఓదార్చలేదు. పక్కనున్న చెట్టు బెరడును పది నిమిషాలపాటు, ఎన్నడూ చెట్టు ఎరగనివాడిలా పరిశీలించారు. సోమవారం నేను ఆఫీసుకు వెళ్ళలేదు.

నాలుగేళ్ళకు ఆయన దగ్గరే సహాయకురాలిగా చేరాను. అప్పుడు చెప్పింది డొలోరెస్.

"ఫారాలు ఎప్పుడయిపోయాయే పిచ్చిపిల్లా! డ్రాయర్ నిండా ఉన్నాయి. అయిపోయాయని చెప్పమనేది ఆయనే. ప్రతి గురువారం వచ్చి 'ఈ వారం ఎవరడిగారు?' అని వాకబు చేస్తాడు."

"మరి దారి తప్పడం?"

"ఆ అడవిలో కళ్ళకు గంతలు కట్టి వదిలినా కాఫీ వేళకు ఇంట్లో ఉంటాడు."

ఆ గుట్టు తెలిసిన సంతోషం నాకు ఎంతోకాలం నిలవలేదు. మరుసటి ఏప్రిల్‌లో ఒక శుక్రవారం ఆయన మామూలుగానే ఆగారు. పిల్లలు మామూలుగానే మూలిగారు. దిక్సూచి ఎవరికిస్తారా అని నేను నవ్వుతూ చూస్తున్నాను. ఎవరికీ ఇవ్వలేదు. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"లోర్నా, వ్యాన్ ఎటుంది?"

"మీరే చెప్పాలి సార్!"

"వేళాకోళం కాదమ్మా. ఈసారి నిజంగానే తెలియడంలేదు."

పాతికేళ్ళ కిందట తన చేతులతో నాటించిన పైన్ చెట్ల వరసలోనే నిలబడి ఉన్నారు. ఆ చెట్లను అపరిచితుల్ని చూసినట్టు చూస్తున్నారు.

"సార్ మళ్ళీ దారి తప్పించేశారర్రా!" అని గట్టిగా అరిచాను. ఆయన జేబులోంచి దిక్సూచి తీసి, ఆ వారం ఫారం అడిగిన యెసెనియా అనే అమ్మాయికిచ్చాను. "నువ్వు చూడు. మా ఇద్దరివల్లా కావడంలేదు."

అందరూ గొణుక్కుంటూ ఆ పిల్ల వెనక నడిచారు. హక్కల గారు నా మోచెయ్యి పట్టుకుని అందరికంటే వెనక వచ్చారు.

"వాళ్ళకు తెలిసిపోయిందా?"

"లేదు సార్. ఎప్పటిలాగే తిట్టుకుంటున్నారు."

"అయితే పరవాలేదు," అన్నారు.

ఆ వేసవిలో ఉద్యోగం మానేశారు. ఇప్పుడు సరస్సు ఒడ్డున ఒక వృద్ధాశ్రమంలో ఉంటున్నారు. నేను అదే పాఠం చెబుతున్నాను, నెలకోసారి వెళ్ళి చూసి వస్తాను. నన్ను గుర్తుపట్టరు. చెట్ల పేర్లు కూడా ఒక్కొక్కటే రాలిపోయాయి.

మొన్న వెళ్ళేసరికి నర్సు గుమ్మంలోనే పట్టుకుంది. "మీ ప్రొఫెసర్‌తో వేగలేకపోతున్నాం తల్లీ. కొత్తగా స్ట్రౌడ్ అనే ఆయన చేరాడు. భార్య పోయింది. తొమ్మిది రోజులుగా గది దాటడు, సరిగా తినడు. నిన్న మధ్యాహ్నం మీ ప్రొఫెసర్ పోయి ఆయన తలుపు కొట్టాడు. 'అయ్యా, భోజనాల గదికి దారి తెలియడంలేదు, కాస్త చూపిస్తారా' అని. స్ట్రౌడ్ తిట్టుకుంటూ లేచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. భోజనాల గది మీ ప్రొఫెసర్ గదికి సరిగ్గా ఎదురుగానే ఉంది! నిజంగా మరిచిపోయాడంటారా?"

"ఏమో," అన్నాను. నాకు నిజంగానే తెలియదు.

లోపలికి తొంగిచూశాను. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. స్ట్రౌడ్ రొట్టె నములుతూ వేలు చూపించి మందలిస్తున్నాడు.

"రేపు పదకొండున్నరకల్లా నేనే వస్తాను. అందాకా గదిలోంచి కదిలావో, ఊరుకోను!"

హక్కల గారు బుద్ధిమంతుడిలా తలూపి, సూప్ తాగడం మొదలుపెట్టారు.