పొద్దున వేసిన గుర్తు మధ్యాహ్నానికి లేదు

ప్రభువునందు ప్రియులైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు. పాస్టర్ గారు నాకు పది నిమిషాలు ఇచ్చారు, నా నోటి సంగతి తెలిసి కూడా ఇచ్చారంటే అది ఆయన విశ్వాసం! నా పేరు కరుణ. మేము ప్లెయిన్స్‌బరోలో ఉంటాం, నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, అంటే ఇతరుల పనిలో తప్పులు వెతకడమే నా ఉద్యోగం, ఇంట్లో కూడా అదే చేస్తానని మా ఆయన అంటారు. కిందటి సంవత్సరం నా ఎడమ రొమ్ములో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు గానీ, కంటికి కనబడని కణాలు ఎక్కడైనా దాక్కుని ఉంటే మళ్లీ లేస్తాయని, వాటిని చంపడానికి రేడియేషన్ తప్పదని చెప్పారు. సోమవారం నుంచి శుక్రవారం వరకు, మొత్తం ఇరవై ఐదు సార్లు, ఒక్క రోజు కూడా మానకూడదన్నారు. ఆ ఇరవై ఐదు పూర్తి కాకుండానే నేను చావును కొనితెచ్చుకోబోయాను, అది రోగం వల్ల కాదు, నా మొండితనం వల్ల. అది చెప్పడానికే మీ ముందు నిలబడ్డాను.

తప్పు మొదటి రోజే మొదలైంది. కిరణం రోజూ ఒకే చోట, వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి కాబట్టి ఛాతీ మధ్యన ఒకటి, పక్కల రెండు టాటూ చుక్కలు పెడతామని ఆసుపత్రిలో మిషన్ నడిపే థెరపిస్ట్ చెప్పింది. టాటూ! ఆ మాట వినగానే నాకు పై ప్రాణం పైనే పోయింది. పచ్చబొట్టు పొడిపించుకోవద్దని వాక్యంలో ఉంది కదా, మా నాయనమ్మ రక్షణ పొందిన తరువాత చేతి మీద పాత పచ్చబొట్టు ఎవరికీ కనబడకూడదని బతికినన్నాళ్లూ పొడుగు చేతుల జాకెట్టే తొడుక్కుంది, అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, నేనెలా ఒప్పుకుంటాను! ఆవిడ పాపం పుట్టుమచ్చ అంత కూడా ఉండదని బతిమాలింది. నేను ససేమిరా అన్నాను. పాస్టర్ గారిని ఒక మాట అడుగుదామని కూడా తోచలేదు. సరేనని ఊదా రంగు ఇంకుతో మూడు చిన్న కూడిక గుర్తులు గీసి, పైన స్టిక్కర్ పెడితే నాకు దద్దుర్లు వచ్చాయని అదీ తీసేసి, స్నానంలో రుద్దుకోవద్దని మరీ మరీ చెప్పి పంపారు.

రేడియేషన్ ఇచ్చే ఆ గది గురించి చెప్పాలి. దానికి కిటికీ లేదు, తలుపు మూర మందం ఉంటుంది. లైట్లు తగ్గించగానే గోడల్లోంచి ఆకుపచ్చని గీతలు వచ్చి నా ఛాతీ మీద సరిగ్గా సిలువ ఆకారంలో కలుస్తాయి, ఆ సిలువ ఇంకు గుర్తు మీద కూర్చునే వరకు నన్ను అటూ ఇటూ జరుపుతారు. అప్పటిదాకా వాతావరణం గురించి, పిల్లల గురించి కబుర్లు చెప్పిన మనుషులందరూ ఒక్కసారిగా మాట ఆపి బయటికి వెళ్లిపోతారు, తలుపు మూసుకుంటుంది, ఇంక ఎవరూ ఉండరు. అందరూ పారిపోయే దాని ముందు నన్నొక్కదాన్నే పడుకోబెట్టారు అనిపించేది సహోదరులారా! ఆ మిషన్ చెయ్యి నా చుట్టూ నెమ్మదిగా తిరిగేది. గుండెకు కిరణం తగలకుండా ఉండాలంటే ఊపిరి నిండా పీల్చి బిగపట్టాలి, అప్పుడు రొమ్ము పైకి లేచి గుండెకు దూరంగా జరుగుతుందట, ఎంత లేచిందో పైనున్న కెమెరాలు చూస్తుంటాయి, కాస్త జారితే కిరణం దానంతట అదే ఆగిపోతుంది. గోడలోంచి ఒక గొంతు "బ్రీత్ ఇన్, హోల్డ్" అంటుంది, వెంటనే జుమ్ముమని మోత మొదలవుతుంది. నొప్పి లేదు, వెలుగు లేదు, వేడి లేదు, అయినా ఏదో నాలోంచి దూసుకుపోతోందని తెలుసు. కనబడే శత్రువుకు భయపడని నేను కనబడని ఆ మేలుకు భయపడి వణికిపోయాను.

దానికి తోడు ఇన్సూరెన్స్ గోల. డాక్టర్ గారు మొదట ప్రోటాన్ అనే ఖరీదైన కిరణం గురించి అడిగి చూశారు, వాళ్లు ఒప్పుకోలేదు, మామూలు ఎక్స్‌రే కిరణానికి అనుమతి రావడానికే మా ఆయన ఆఫీస్ మీటింగుల మధ్య గంటల తరబడి ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. తరువాత ఇన్సూరెన్స్ వాళ్ల లెక్కల కవర్లు రావడం మొదలైంది, లోపల కొత్త కారు కొనగలిగినంత అంకె, పైన పెద్ద అక్షరాలతో ఇది బిల్లు కాదు అని. బిల్లు కాకపోతే మరేమిటయ్యా అది, శుభలేఖా!

మా ఆయన విజయ్ మీ అందరికీ తెలిసినవారే, ఆదివారం నన్ను ఇక్కడ దింపి పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని క్రికెట్ చూసుకునే మనిషి. పెళ్లయి పద్నాలుగేళ్లు, ఈ పద్నాలుగేళ్లలో ఆయన నోరు తెరిచి ప్రార్థన చేయగా నేను వినలేదు. మన ప్రేయర్ లైన్‌లో, ఆ శుక్రవారం ఫోన్ ప్రార్థనలో, ఆయన మారాలని నేను మీ అందరి చేతా ఎన్నిసార్లు ప్రార్థన చేయించానో మీకే తెలుసు.

రెండో వారం మొదట్లో జరిగింది ఇది. పొద్దున్నే ట్రీట్‌మెంట్ చేయించుకుని ఇంటికి రాగానే ఒళ్లు సీసం పోసినట్టు బరువెక్కేది, పదింటికి పడుకుంటే పన్నెండు దాకా స్పృహ ఉండేది కాదు. విజయ్ ముందు గదిలో తలుపు వేసుకుని ఆఫీస్ పని చేసుకునేవారు. ఆ రోజు లేచి అద్దంలో చూసుకుంటే ఛాతీ మధ్యనున్న గుర్తు లేదు! పక్కల రెండూ అలాగే ఉన్నాయి, మధ్యలోది మాత్రం ఎవరో తుడిచేసినట్టు మాయమైంది. మర్నాడు థెరపిస్ట్ ఎక్స్‌రే తీసి సరిచూసుకుని మళ్లీ గీసింది, స్నానంలో రుద్దానేమోనని అడిగింది. స్నానమే చేయలేదమ్మా అన్నాను. రెండు రోజులకు మళ్లీ పోయింది. నేను టెస్టర్‌ని కదా, ఊరుకుంటానా! సబ్బు మార్చాను, మెడ కిందికి దిగిన మెత్తని కాటన్ బనియన్ వేసుకున్నాను, వెల్లకిలా కదలకుండా పడుకున్నాను, పడుకునే ముందు ఒక ఫోటో, లేచాక ఒక ఫోటో తీశాను. పొద్దున ఫోటోలో ఉంది. మధ్యాహ్నం ఫోటోలో లేదు.

ఇంకో సంగతి నేను అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఆ నిద్రలో ఎక్కడో అడుగున ఉండగా నా ఛాతీ మీద చల్లగా ఏదో తాకేది. తాకి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కదిలేది. దానితో పాటు సన్నగా ఒక మోత వినబడేది, ఆసుపత్రి మిషన్ మోత లాగే, మాట కాదు, పాట కాదు, ఆగకుండా గొణుగుతున్నట్టు. మిషన్ నా వెంట ఇంటికి వచ్చేసిందా అనుకున్నాను! కళ్లు తెరవాలని ఎంత పెనుగులాడినా రెప్పలు లేచేవి కావు, లేచేసరికి గదిలో ఎవరూ లేరు, కిటికీ బ్లైండ్స్ వేసినవి వేసినట్టే, తలుపు మూసింది మూసినట్టే. విజయ్‌కి చెబితే నవ్వుతారని గుర్తు సంగతీ ఇదీ రెండూ చెప్పలేదు.

శుక్రవారం ప్రేయర్ లైన్‌లో గుర్తు పోతున్న సంగతి మాత్రం చెప్పాను. ఆష్‌బర్న్ నుంచి ఒక ఆంటీ నేను మాట ముగించక ముందే ఏడ్చేసి, "కరుణా, దేవుడు ఎరేజ్ చేస్తున్నాడమ్మా! రోగమే లేదు, ఇంక మార్క్ ఎందుకు అని తుడిచేస్తున్నాడు, నీకింకా అర్థం కావట్లేదా?" అన్నారు. లైనులో అందరూ స్తోత్రం స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. అంతలో డాలస్ నుంచి ఒక చెల్లి చిన్న గొంతుతో, "అక్కా, మార్క్ క్రాస్ షేప్‌లోనే ఉంటుంది అన్నావు కదా, సిలువను చెరిపేది దేవుడెలా అవుతాడు? ఇంట్లో ఏమైనా ఉందేమో చూసుకో," అంది. దేవుడైతే వైద్యం అక్కర్లేదంటున్నాడు, దేవుడు కాకపోతే ఆ గదిలోంచే ఏదో నా వెంట వచ్చింది, ఎలా చూసినా ఆ గదిలోకి మళ్లీ వెళ్లకూడదనే నాకు తోచింది.

పదిహేడో ట్రీట్‌మెంట్ రోజు పొద్దున ఫోన్ చేసి ఇంక రానని చెప్పేశాను. నర్సు కంగారుపడి తిరిగి ఫోన్ చేసింది, మధ్యలో మానేస్తే చావకుండా మిగిలిన కణాలకు మనమే టైమ్ ఇచ్చినట్టని చెప్పింది, నేను బాగయ్యానన్నాను. అయినా ఆవిడ రేపటి టైమ్ మాత్రం నాకోసం ఉంచుతానంది. విజయ్‌కి అబద్ధం చెప్పాను సహోదరులారా, దేవుని పేరు మీద వైద్యం మానుకున్న మనిషిని, కట్టుకున్నవాడితో మిషన్ పాడైంది, ఇవాళ రావద్దన్నారు అని అబద్ధం చెప్పాను! ఆయన ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. వెళ్లి లాప్‌టాప్ ముందు కూర్చున్నారు.

పదింటికి అలవాటుగా పడుకున్నాను. ట్రీట్‌మెంట్ లేదు కాబట్టి ఆ రోజు అలసట లేదు, నిద్ర పట్టలేదు. బయట లాన్ కోసే మిషన్ శబ్దం వినబడుతోంది. కళ్లు మూసుకుని ఉండగా గది తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. కార్పెట్ మీద అడుగులు. ఆగాయి. మళ్లీ రెండు అడుగులు. చిన్న మూత తిప్పిన శబ్దం. యేసయ్యా అని లోలోపల అనుకుని, ఆసుపత్రిలో నేర్పినట్టు ఊపిరి బిగపట్టాను. చల్లని వేలు నా ఛాతీ మీద ఆనింది. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. తరువాత మంచం పక్కన ఎవరో బరువుగా మోకాళ్ల మీద కూలబడ్డారు, ఆ మోత మొదలైంది, ఈసారి నేను మెలకువగా ఉన్నాను కాబట్టి అందులోని మాటలు వినబడ్డాయి.

"ప్రభువా, నేను విజయ్‌ని. కరుణ వాళ్ల ఆయన్ని. నాకు ప్రేయర్ చేయడం రాదు, తప్పులుంటే అడ్జస్ట్ చేసుకో. ఇవాళ మిషన్ డౌన్ అయిందట. రిపేర్ చేసేవాడు ఎవడో, వాడికి బుర్ర ఇవ్వు, కావాల్సిన పార్ట్ దొరికేట్టు చూడు, రేపటికల్లా అది అప్ అయిపోవాలి. ఒక్క రోజు కూడా మిస్ కాకూడదని డాక్టర్ చెప్పాడు, నువ్వూ విన్నావు. దీనికి నోరెక్కువ, నీ బుర్ర కూడా తినేస్తుందని నాకు తెలుసు. కానీ ఇది లేకపోతే నాకు ఇల్లు లేదు ప్రభువా. ఆ మిషన్ని బాగు చేయి. ఆమెన్."

నేను పాడు చేసిన మిషన్ని బాగు చేయమని ఆయన ఏడుస్తున్నారు! ఎక్కడా పాడవ్వని మిషన్ కోసం, నా అబద్ధం కోసం, జీవితంలో ఎవరి ముందూ వంగని మనిషి కార్పెట్ మీద మోకరించి దేవుణ్ణి వేడుకుంటున్నారు. నా ఊపిరి ఇంక నిలవలేదు. భోరుమని ఏడ్చేశాను. ఆయన హడలిపోయి లేచి నిలబడ్డారు, చేతిలో పాస్టరమ్మ గారు మనందరికీ ఇచ్చిన ప్రార్థన నూనె సీసా. చర్చిలో నాకు నూనె రాసి ప్రార్థన చేసిన రోజు ఆయన తలుపు దగ్గర నిలబడి చూశారట, అలాగే బొటనవేలితో సిలువ వేస్తున్నారు. బ్లైండ్స్ వేసిన చీకట్లో ఇంకు గుర్తు ఆయనకు కనబడనే లేదు, రాసింది చుక్కంత నూనె, నేను లేచేసరికి బనియన్‌కే ఇంకిపోయేది. సిలువ వేస్తూ సిలువను చెరిపేశారు! నాకెందుకు చెప్పలేదయ్యా అంటే, "చెప్తే నువ్వు ప్రేయర్ లైన్‌లో పెట్టేస్తావు కదా," అన్నారు. నిజమే, పెట్టేసేదాన్ని.

నేను అంతా ఒప్పుకున్నాను, ఫోన్ చేసింది, అబద్ధం, ఆంటీ మాట, చెల్లి మాట, అన్నీ. ఆయన నన్ను తిట్టలేదు, అందుకే నాకు ఇంకా సిగ్గేసింది. ఎన్నిసార్లు రాశారని అడిగాను. ఇవాళ్టితో కలిపి ఐదు అన్నారు. నా ఫోన్‌లో ఫోటోలు, అంతకుముందు పోయినవీ కలిపి లెక్క చూస్తే గుర్తు పోయింది ఏడుసార్లు. మిగతా రెండూ చెమటకే పోయాయో ఏమో నాకు తెలియదు, నేను దాన్ని తవ్వదలచుకోలేదు, గుర్తులు చదివే పని నేను మానుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లి, ఆ నర్సు ఉంచిన టైముకే వెళ్లి, టాటూ పెట్టమని నేనే అడిగాను. అంతకుముందు పాస్టర్ గారికి ఫోన్ చేస్తే ఆయన నవ్వి, "అది అలంకారానికా అమ్మా? సూదిమందు లాంటిదే కదా, పొడిపించుకో," అన్నారు, ఆ ఒక్క మాట మొదటి రోజే అడిగి ఉంటే! మూడు చుక్కలు, చీమ కుట్టినంత నొప్పి. ఇరవై ఐదూ పూర్తి చేశాను, తప్పిన రోజును చివర కలిపారు. ఇప్పటివరకు తీసిన స్కాన్లన్నీ శుభ్రంగా ఉన్నాయి, హల్లెలూయ! పూర్తిగా పోయిందని డాక్టర్లు అనరు, ఏళ్ల తరబడి మాత్ర వేసుకోవాలి, ప్రతి స్కాన్ ముందు రోజు ఇప్పటికీ పాస్టర్ గారికి ఫోన్ చేసి ప్రార్థన చేయించుకుంటాను. కానీ నేను సజీవురాలిగా మీ ముందు ఉన్నాను. ఆ కనబడని కిరణాన్ని ఇచ్చింది నా తండ్రే, దాన్ని గురిచూసి వేసే చేతుల్ని ఇచ్చింది ఆయనే, నాకు తెలియకుండా నా మంచం పక్కన ఒక మనిషిని మోకరింపజేసిందీ ఆయనే, దేవునికే మహిమ!

ఈ హాల్లో ఒక సహోదరి ఉంది. పేరు చెప్పను, తల వంచుకోకమ్మా, ఎవరూ నిన్ను చూడటం లేదు. దేవుడు కలలో నిన్ను ముట్టాడని పోయిన వారం నీ మొదటి ట్రీట్‌మెంట్ క్యాన్సిల్ చేశావని నాతో చెప్పావు. ఆయన ముట్టే ఉంటాడు, నేను కాదనను. ఆయన ముట్టింది ఆ గదిలోకి ధైర్యంగా వెళ్లడానికే. రేపు పొద్దున వాళ్లకు ఫోన్ చేసి మళ్లీ టైమ్ అడుగు, వాళ్లు ఇచ్చిన రోజు నేను ఆఫీస్‌కి లీవు పెట్టి నీ అపార్ట్‌మెంట్ ముందు కారు ఆపుతాను, ఆ మందపు తలుపు మూసుకునే వరకు నీ చెయ్యి పట్టుకుంటాను. ఆ తరువాత లోపల నువ్వు ఒంటరిగా ఉండవు, అది నేను చూసి చెబుతున్నాను. ఆమెన్.