స్ట్రాబెర్రీ మొక్కలకు నెత్తళ్ల విందు

మంచి మనసుతో చేసిన పని ఒక్క రాత్రిలో మేడ మీది తోటని కిష్కింధ ఎలా చేస్తుందో చెప్తాను, వినండి.

పెళ్లయి తెనాలి కాపురానికి వచ్చాక అది నాకు మొదటి చలికాలం. మా అత్తయ్యగారు మేడ మీద కుండీల్లో స్ట్రాబెర్రీ మొక్కల్ని చంటిపిల్లల్లా సాకుతున్నారు. "తెనాలిలో స్ట్రాబెర్రీ ఏంటి వదినా, కలగన్నావా" అని బాపట్ల నుంచి ఆవిడ ఆడపడుచు ఫోన్లో వెక్కిరించారు. "ఆదివారం వచ్చి కళ్లారా చూడు" అన్నారు ఈవిడ.

శనివారం అత్తయ్యగారు అమృతలూరులో పెళ్లికి వెళ్తూ నాకు పని అప్పజెప్పారు.

"ఎండిన ఆకులు తుంచెయ్. పక్కకి పాకే తీగలు కత్తిరించు, బలమంతా అవే లాగేస్తాయి. కాయలు మట్టికి తగలకుండా కింద ఎండుగడ్డి పరుచు. అంతే. సొంత తెలివి వాడకు."

"అలాగే అత్తయ్యా."

చెప్పినవన్నీ చక్కగా చేశాను. అక్కడితో ఆగి ఉంటే మీకు చెప్పుకోడానికి నాకేం ఉండేది కాదు. ఆకులు తీసేశాక మొక్కలు జ్వరం పడి లేచిన పిల్లల్లా చిక్కిపోయి కనిపించాయి. నాకు జాలేసింది. మాది రేపల్లె. మా అమ్మ కొబ్బరిచెట్ల మొదట్లో చేపల తుక్కు పాతిపెడితే గెలలు విరగకాసేవి. ఆ వారమే అమ్మ నిజాంపట్నం నుంచి తెప్పించి పంపిన ఎండు నెత్తళ్లు, వేలెడేసి చేపలు, వంటింట్లో ఉన్నాయి. ఇంకేం, కుండీకో గుప్పెడు పాతేసి, నీళ్లు పోసి, నన్ను నేనే మెచ్చుకుని పడుకున్నాను.

తెల్లారి మేడెక్కితే మా వీధి పిల్లులన్నీ అక్కడే ఉన్నాయి, పెళ్లి పందిట్లో భోజనాల బంతిలో కూర్చున్నట్టు. కుండీలన్నీ తవ్వేశాయి. మొక్కలు వేళ్లు ఆకాశానికి పెట్టి పడున్నాయి. ఒక గండుపిల్లి "మారు వడ్డించవేం" అన్నట్టు నా వైపు చూసింది. పిల్లికి చెలగాటం, కోడలికి ప్రాణసంకటం.

అప్పుడే కింద ఆటో ఆగింది. బస్టాండులో కలిశారట, వదినామరదళ్లిద్దరూ కలిసే దిగారు. తిన్నగా మేడ మీదికే వచ్చారు.

"ఏంటమ్మాయ్ ఇది?" అన్నారు అత్తయ్యగారు.

"బలానికని నెత్తళ్లు పెట్టానండి."

"మొక్కలకా?"

"అవునండి."

ఆవిడ కుండీల్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. తిట్టినా బాగుండేది. బాపట్లావిడ వంగి, గడ్డిలో మిగిలిన ఎర్రటి పండొకటి ఏరి, కొంగుతో తుడిచి నోట్లో వేసుకున్నారు. నిదానంగా నమిలారు.

"పండు బానే ఉంది వదినా, ఒప్పుకున్నాను" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఆ వాసనకి నోరూరిపోతోందే అమ్మాయ్. నెత్తళ్లు ఇంకా మిగిలాయా, అన్నీ పిల్లులకే పెట్టేశావా?"

అత్తయ్యగారు మెట్ల మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. నేను కాపురానికొచ్చాక ఆవిడ నా ముందు అంతలా నవ్వడం అదే మొదలు. ఆ మధ్యాహ్నం వంకాయలో నెత్తళ్లు వేసి వండుకు తిన్నాం. సాయంత్రం బతికిన మొక్కల్ని ముగ్గురం కలిసి మళ్లీ నాటాం.

ఇప్పుడు ఆ కుండీల పని పూర్తిగా నాదే. అత్తయ్యగారి మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. కింద కుర్చీలోంచే "తీగలు కత్తిరించావా" అని కేకేస్తారు. ఆ కేక వినపడని రోజు నాకు తోటపనిలా ఉండదు.

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ మొక్కకీ అది అడగని భోజనం పెట్టను. నోరు తెరిచి అడిగే మొక్క ఎదురైతే, అప్పుడు ఆలోచిస్తాను.