ఏజెంటు కుర్చీకి మా అమ్మ పెట్టిన పాట

ఓడలో ఉద్యోగం ఇప్పిస్తానని మా నాన్న బోటు ఇంజను కోసం దాచిన డబ్బులు మింగిన ఏజెంటు, ఏడాది దాటినా నాకు ఓడ నీడ కూడా చూపించలేదు. ఇంజను లేక మా బోటు ఒడ్డునే ఉండిపోయింది. నాన్న పరాయి బోటులో కూలికి వెళ్తున్నాడు. నేనేమో ఆ ఆఫీసు మెట్లెక్కి, "వచ్చే వారం" అనే ప్రసాదం పుచ్చుకుని దిగడంలో ఆరితేరాను.

ఒకరోజు అమ్మ, "పద, నానొత్తాను" అంది.

ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలంపాట పెట్టేది మా అమ్మే. తెల్లారకముందు మొదలయ్యే పని కాబట్టి పదింటికల్లా ఖాళీ. ఆమె గొంతు లేస్తే ఐసు ప్లాంటులో మిషన్లు కూడా ఆగి వింటాయని ఇంట్లో నవ్వుకుంటాం.

మేం వెళ్లేసరికి విజయనగరం వైపు రైతు ఒకాయన, కొడుకు ఉద్యోగం కోసం నోట్ల కట్టను ఏజెంటు చేతిలో పెడుతున్నాడు. వెనక బెంచీల మీద, ఎప్పుడో డబ్బు కట్టి నాలాగే తిరుగుతున్న కుర్రాళ్లు. ఏజెంటు నన్ను చూసి అలవాటుగా "వచ్చే వారం" అని, మంచినీళ్ల కోసం లేచాడు. అమ్మ చటుక్కున వెళ్లి ఆ కుర్చీ వీపు మీద చెయ్యేసింది.

"రండి బాబూ, రండి! మెత్తటి కుర్సీ, ఇప్పుడే ఒడ్డుకొచ్చింది! ఐదొందలు! ఆపైన ఎవులు?"

నాకు తల కొట్టేసినట్టయింది. బెంచీ మీంచి ఒకడు "ఆరొందలు" అన్నాడు. ఇంకొకడు, "ఏడు. సక్రాలు తిరుగుతాయా?" అన్నాడు. అమ్మ చేప మొప్పలెత్తి చూపించినంత శ్రద్ధగా కుర్చీని గిర్రున తిప్పి చూపించింది.

"ఏటమ్మా ఇది? పోలీసుల్ని పిలుత్తాను!" అన్నాడు ఏజెంటు.

"పిలు బాబూ. ఆళ్లూ పాడతారు."

ఏసీ వంతు వచ్చేసరికి పాట ఊపందుకుంది. రైతు బిత్తరపోయి, "నీ కొడుక్కి ఓడ రానేదా తల్లీ?" అని అడిగాడు.

"వత్తే ఈ మెట్లెందుకెక్కుతాడన్నా?"

ఏజెంటుకి చెమటలు పట్టాయి. గబగబా రైతు ఇచ్చిన కట్టనే అమ్మ చేతిలో కుక్కి, "ఇయ్యే నీ డబ్బులు, ఎల్లమ్మా" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. మనసులో ఇంజను బిగించేశాను కూడా. అమ్మ మాత్రం ఆ కట్టను రైతు చేతిలో పెట్టి, ఆయన వేళ్లు మూసింది. "ఇది నీది. ఊరెల్లిపో" అంది. నాకు ఏడుపొక్కటే తక్కువ, అంత కోపం వచ్చింది. ఆమె నా వైపు చూస్తే కదా, ఏసీ వైపు తిరిగి, "ఏడువేలు, రెండోసారీ!" అని అందుకుంది.

మధ్యాహ్నానికి, ఏజెంటు ఫోను చేస్తే అతని బామ్మర్ది సంచీతో వచ్చి మా డబ్బు మాకిచ్చాడు. రెండుసార్లు లెక్కపెట్టుకుని లేచాను. అమ్మ లేవలేదు.

"వచ్చేసింది కదమ్మా, ఇంకేటి?" అన్నాను.

"ఈళ్లది రానేదు కదరా" అని బెంచీల వైపు చూపించి, ఫ్యాను పాట మొదలుపెట్టింది.

ఈసారి మొదటి పాట నేనే పాడాను.