నలభై ఒకటో బొమ్మ

కొర్నేలుకు మర్యాద ఒక జబ్బు. రాజోలు మనిషి. సౌదీలోని తాయిఫ్‌లో మా మెయింటెనెన్స్ కంపెనీ ఆఫీసులో కాగితాలు చూసేవాడు. మెస్సులో అందరూ తిన్నాకే కంచం పట్టుకునేవాడు. చూస్తే నాకు ఒళ్ళు మండేది. నేను భూషణాన్ని, అక్కడే స్టోర్‌కీపర్ని. వరసలో నా ముందు ఎవడైనా దూరితే ఊరుకునే రకం కాను.

సౌదీలకే ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాకత్ రూలు వచ్చిన ఏడు మా కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. సౌదీలను తగినంత మందిని పెట్టుకోలేదని మా ఇకామాల, అదే నివాస పర్మిట్ల, రెన్యువల్ ఆగిపోయింది. మా వీసాలకు పూచీపడ్డ యజమాని, కఫీల్, ఆఫీసుకు రావడం మానేశాడు. మా పాస్‌పోర్టులు అతని బీరువాలోనే ఉండిపోయాయి. గడువులోగా వేరే కఫీల్ దగ్గరికి మారాలి, లేదంటే ఎగ్జిట్, దేశం వదిలి ఇంటిదారే. అభాలో ఒక కంపెనీకి తాయిఫ్ కాంట్రాక్టు దొరికి, మా నలభై ఒక్క మందినీ ఇక్కడే ఉంచి తీసుకుంటానంది. కొర్నేలు భార్య దీనమ్మ ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. ఏడేళ్ళు ఆమె రాజోలులో, ఇతనిక్కడ. రెండేళ్ళ కిందటే ఆమెకు ఉద్యోగం వచ్చి ఒక్క గదిలో కాపురం పెట్టారు. ఎగ్జిట్ అంటే అతనికి మళ్ళీ ఎడబాటే.

ఆఖరి రోజు పొద్దున అభా ఆఫీసు క్లర్కు అబ్దుల్ హమీద్ ఫోన్ చేశాడు. హైదరాబాదీ. ఎవరి పాస్‌పోర్టు బొమ్మ వాళ్ళ జాబితా నంబరు మీద విడివిడిగా సైటులో ఎక్కించాలట.

"మధ్యాహ్నం దుహర్ అజాన్‌లోపు పంపుండ్రి భాయ్. తర్వాత లిస్టు లేబర్ ఆఫీసుకు పోతది, నా చేతుల ఏముండదు."

మా దగ్గరున్నది ఒకే ఒక్క ఫైలు. పాత మేనేజరు పాస్‌పోర్టులన్నీ మా జాబితా వరసలోనే ఒక్క ఊపున స్కాన్ చేసి, అన్నిటినీ కలిపి ఒకే టిఫ్ ఫైలుగా దాచాడు. తెరిస్తే జాబితాలో మొదటివాడు, జగిత్యాల దేవన్న ముఖం ఒక్కటే కనిపించింది.

"గిదొక్కటేనా సారూ? కడమోళ్ళయి ఏడవోయినయ్?" అని దేవన్నే గొల్లుమన్నాడు.

"లోపలే ఉన్నాయండి, పేజీలు పేజీలుగా," అన్నాడు కొర్నేలు. కంప్యూటర్లో కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచి, ఈ ఫైలు విడదీసి ఒక్కో పేజీని ఒక్కో బొమ్మగా రాయమని ఒకే లైను కొట్టాడు. ఫైళ్ళు నంబర్లతో సహా చకచకా పుట్టుకొచ్చాయి. ఒకటో ఫైలు ఒకటో పేరుకు, రెండోది రెండో పేరుకు ఎక్కించుకుంటూ పోయాడు. నలభైతో ఫైళ్ళు అయిపోయాయి. నలభై ఒకటో పేరు అతనిదే. జాబితా టైపు చేసిన పెద్దమనిషి తన పేరు చివర పెట్టుకున్నాడు మరి!

"నాది స్కాన్ కాలేదు కాబోలండి," అన్నాడు. అయినా నలభై మందివీ పంపేశాడు.

పంపాక మనసొప్పక ఫోల్డరు పైకి జరిపి చూశాడు. ఒకటికి పైన సున్నా అనే ఫైలుంది. తెరిస్తే దేవన్న! ఆ ప్రోగ్రాము సున్నా నుంచి లెక్కపెడుతుందన్న సంగతి కంగారులో అతనికి తట్టనేలేదు. దేవన్న పేరుకు రెండో నంబరు మొండయ్య పాస్‌పోర్టు, మొండయ్య పేరుకు ఇంకొకరిది, నలభై మందీ తారుమారు. అలాగే వెళ్తే ఒక్కరి పేరూ నిలవదు.

అబ్దుల్ హమీద్‌ను బతిమాలి అన్నీ చెరిపించాం. అప్పటికి అజాన్‌కు ఇరవై నిమిషాలే ఉంది. ఒకటి నుంచి మొదలుపెట్టమనే మాట చేర్చి కొర్నేలు ఆ లైను మళ్ళీ కొట్టాడు. ఈసారి నలభై ఒకటో బొమ్మలో అతని ముఖమే ఉంది. ఒక్కొక్కటీ తెరిచి, పేరు చదివి, ఎక్కించడం మొదలుపెట్టాడు. నెట్ నత్తనడక నడుస్తోంది.

"ముందు మీది పంపి తగలడండి!" అని అరిచాను.

"వరస తప్పే కదండి అందరి కొంపా ముంచబోయాను. ఇంక వరస కదపనండి."

మౌస్ లాక్కోవాల్సింది. లాక్కోలేదు. నాది పన్నెండో నంబరు, అప్పటికే ఎక్కేసింది. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

నలభయ్యోది ఎక్కుతుండగా మసీదు మైకు గరగరలాడి అజాన్ మొదలైంది. ఆ తర్వాత అతని బొమ్మ నొక్కితే పేజీ తెరుచుకోలేదు, గడువు ముగిసి సైటు మూసేశారు. మళ్ళీ నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు.

"అయినట్టేనా సారూ?" అని దేవన్న వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అయిందండి," అన్నాడు కొర్నేలు.

అంతలో అతని ఫోన్ మోగింది. దీనమ్మ. పేరు చూసి ఫోన్ నా చేతిలో పెట్టి, "నా వల్ల కాదండి," అన్నాడు.

"అయిపోయిందా అన్నయ్యగారూ?" అని ఆమె ఆత్రంగా అడిగింది.

"నలభై మందిదీ అయిందమ్మా," అన్నాను.

అవతల వార్డులో ఆమెను ఎవరో పిలుస్తున్నారు.

"మీరు నలభై ఒక్కరు కదండీ," అంది.