మేస్త్రి ఒంటికి వెళ్లిన రోజు

పొద్దున ఎనిమిదింటికి నర్సు వచ్చి, మూత్రం ఆగిపోయి ఆసుపత్రిలో చేరిన పెదనాన్నకు ట్యూబు తీసేసింది. గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

"తాతగారూ, రెండింటిలోపు ఒంటికి వెళ్లాలి. ఇందులోనే పోయండి, కొలిచి రాసుకోవాలి. రాలేదంటే ట్యూబు మళ్లీ వెయ్యక తప్పదు."

ట్యూబు మళ్లీ వేస్తే దానితోనే ఇంటికి పంపుతారు. నెలో, రెండు నెలలో నడుముకు సంచి కట్టుకుని తిరగాలి. ఆ సంగతి డాక్టరు ముందురోజే చెప్పాడు. అప్పటినుంచి పెదనాన్న సరిగ్గా తినలేదు.

"పనిముట్ల సంచి ఒక పక్క, ఈ సంచి ఒక పక్క వేసుకుని ఎవరింటికి పోతాన్రా పనికి?" అన్నాడు నాతో. తర్వాత జగ్గును అటూ ఇటూ తిప్పి చూశాడు. "పిడి మాత్రం బాగానే అతికించాడు."

పెదనాన్నకు డెబ్బై ఒకటి. నలభై ఎనిమిదేళ్లుగా పైపుల పని చేస్తున్నాడు. మా వీధిలో ఆయన పేరు ఎవరికీ తెలియదు, పైపుల మేస్త్రి అంటే మాత్రం ఎవరైనా ఇల్లు చూపిస్తారు. కారే కుళాయి శబ్దం వింటే ఆయనకు నిద్ర పట్టదు, అది పక్కింటి కుళాయి అయినా సరే. మా నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనా, పెద్దమ్మా. కృతజ్ఞత గురించి పుస్తకాల్లో చాలా చదివాను కానీ, అది ఆయనకు చూపించిన గుర్తు నాకు లేదు.

పక్క మంచం మీద రిటైరైన బస్సు డ్రైవరు ఉన్నాడు. నోరు కాస్త ఎక్కువ.

"ఊరందరి లైన్లూ బాగుచేసి సొంత లైను మూసేసుకున్నారేంటి మేస్త్రి గారూ?"

వార్డంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది పెదనాన్నే.

పది దాటేసరికి ఆ నవ్వు పోయింది. నాలుగు గ్లాసుల నీళ్లు తాగాడు. తెర వెనక జగ్గు పట్టుకుని నిలబడితే నేను భుజం పట్టుకున్నాను. చుక్క రాలేదు.

"నువ్వు అలా మీదమీదకొస్తే ఎలా వస్తుందిరా?"

"నా దగ్గర సిగ్గేంటి పెదనాన్నా?"

"నాకు లేదురా. దానికుంది."

పావుగంటకోసారి "వచ్చిందా?" అని అడుగుతూనే ఉన్నాను. తెచ్చుకున్న పుస్తకంలో అదే పేజీ నాలుగుసార్లు చదివాను. ఎదురుగా గోడ మీద నవ్వుతున్న ముసలి దంపతుల బొమ్మ. ఆ బొమ్మ కింద వేసిన బల్లకు ముసలివాళ్లు వీపు ఆనించుకోవడానికి చెక్క కూడా లేదు. ఇలాంటివి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంటంతా ఎవరి మీద చూపించాలో తెలియక పన్నెండున్నరకు పెదనాన్న మీదే చూపించాను.

"కాస్త గట్టిగా ప్రయత్నించు. చంటిపిల్లలు కూడా చేసే పనేగా!"

ఆయన జగ్గు కింద పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. కడుపు కింద రాయిలా గట్టిపడి ఉందని నర్సు అప్పటికే చెప్పింది. మెడ మీద చెమట కనిపిస్తోంది.

డ్రైవరు నన్ను చూసి, "ఏమయ్యా, లావుపాటి పుస్తకాలు చదువుతావు కదా, అందులో ఇదేనా రాసింది? నీకు నిద్రమత్తులో అయిపోయే పని. ఆయనకివాళ అదే కొండ," అన్నాడు.

నేను లేచి వరండాలోకి వెళ్లిపోయాను. అక్కడ నిలబడితే కిందటేటి సంగతి ఒకటి గుర్తొచ్చింది.

ఒంటరిగా ఉండే ఒక ముసలావిడ ఇంటికి పెదనాన్నను బండి మీద తీసుకెళ్లాను. కుళాయి రాత్రంతా కారుతోందని ఆవిడ గోల. పెదనాన్న విప్పి చూశాడు. లోపల వాషరు కొత్తగానే ఉంది. ఆవిడ వేళ్లు వంకర్లు పోయి ఉన్నాయి, గట్టిగా తిప్పి కట్టెయ్యలేకపోతోంది. అది నాకే అర్థమైంది, ఆయనకు కాకుండా ఉంటుందా?

"ఇది నాసిరకం కుళాయమ్మా. పహిల్వాన్ తిప్పినా ఆగదు," అన్నాడు పెదనాన్న. మోచేత్తో నెడితే మూసుకునే పొడుగు పిడి కుళాయి బిగించాడు. వచ్చేటప్పుడు, అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను.

"చేతులు పనిచెయ్యట్లేదని ఆవిడకు తెలియదా? నేను వేరే చెప్పాలా?" అన్నాడు.

వార్డులోకి తిరిగి వచ్చాను. ఒంటిగంట దాటింది.

"పెదనాన్నా, ఈ జగ్గు మూతి ఏం బాలేదు. దీంట్లో ఎవడికీ రాదు. బాత్రూంకి పోదాం పద."

ఆయన ఇటు తిరిగి కాసేపు నా మొహంలోకి చూశాడు.

"మూతి ఇరుకేరా," అన్నాడు.

ముప్పై అడుగుల దూరం వెళ్లడానికి చాలాసేపు పట్టింది. జగ్గు తీసుకుని లోపలికి వెళ్లి, "తలుపెయ్యి. నువ్వు బయటే ఉండు," అన్నాడు. ఈసారి ఏమీ అడగకూడదని పళ్లు బిగబట్టి నిలబడ్డాను. లోపల చుక్కచుక్కగా నీళ్లు పడుతున్నాయి. తర్వాత ఏదో కిర్రుమంది. ఉండబట్టలేకపోయాను.

"ఏం చేస్తున్నావు?"

"ఇక్కడ కుళాయి కారుతోందిరా. నట్టు వదిలేశారు వెధవలు."

ఒంటిగంటా నలభై. అరవబోయి ఆగిపోయాను. చుక్కల చప్పుడు ఆగింది. చాలాసేపు ఏ శబ్దమూ లేదు. తర్వాత నీళ్ల చప్పుడు మొదలైంది, సన్నగా, ఆగి ఆగి, ఆ తర్వాత ధారగా.

"ఒరేయ్." లోపలినుంచి పిలిచాడు. "అయిపోయింది."

"కుళాయా?"

"కుళాయి కాదురా!"

తలుపు తీశాను. ఆయన గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు, కళ్లు తడిగా ఉన్నాయి. జగ్గు కిటికీ మీద పొడిగా ఉంది.

"జగ్గు పట్టలేదేంటి?"

"నట్టు బిగిస్తున్నాను కదా, చేతులు ఖాళీ లేవు. చెప్పి రాలేదురా అది. ఇటు తిరిగేసరికే సరిపోయింది."

నర్సు తల పట్టుకుంది. "కొలత లేకుండా ఏం రాసుకోను తాతగారూ?"

"వార్డంతా సంతకం పెడతాం, రాసెయ్యమ్మా," అన్నాడు డ్రైవరు.

ఆమె పెదనాన్నను పడుకోబెట్టి కడుపు కింద చెయ్యి పెట్టి నొక్కింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను.

"మెత్తగా ఉంది," అంది. "ట్యూబు అక్కర్లేదు. ఈసారి మాత్రం జగ్గులో పొయ్యకపోతే ఊరుకోను."

నాలుగింటికి జగ్గులోనే పోశాడు. దాన్ని కళ్లకు ఎదురుగా ఎత్తి పట్టుకుని గీత చూసి, "రెండువందల నలభై. రాసుకో తల్లీ," అన్నాడు. రేపు ఇంటికి వెళ్లిపోవచ్చని డాక్టరు చెప్పాడు.

పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆమె హలో కూడా అనలేదు.

"వచ్చిందా?"

"వచ్చింది పెద్దమ్మా."

అటువైపు ముక్కు చీదుకున్న శబ్దం. "సరే, ముందు నువ్వు ఏమైనా తిను," అని పెట్టేసింది.

పొద్దున్నుంచి నేనూ వెళ్లలేదని అప్పుడు తెలిసింది. బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాను. అడగకుండానే వచ్చింది. ఇరవై నాలుగేళ్లుగా అలాగే వస్తోంది, ఒక్కసారైనా దాని గురించి ఆలోచించలేదు. అయిపోయాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను.

బయట డ్రైవరు తలుపు బాదుతున్నాడు. "లోపలెవరయ్యా? మాక్కూడా పనుంది!"