చున్నీ చాటు అల్లుడు

పోయిన వేసవిలో ఎండ తగిలితే చాలు, నా మొహమంతా దద్దుర్లు వచ్చేవి. బయటికెళ్తే మొహం కప్పుకోమన్నారు డాక్టరుగారు. దాంతో మా ఆవిడ చున్నీ చుట్టుకుని, తన స్కూటీ మీదే బందరు బస్టాండుకి వెళ్లాను, దివిసీమ నుంచి వస్తున్న అత్తగారిని తీసుకురావడానికి.

ఆవిడ నన్ను కూతురే అనుకుని, వెనక కూర్చుంటూనే మొదలుపెట్టారు. "ఇంత ఎండలో నువ్వొచ్చావేంటే? మీ ఆయనకి పడనిది ఎండ కాదే, పని!"

నవ్వాపుకుంటూ ఇంటిదాకా తలూపుతూనే ఉన్నాను. గుమ్మంలో చున్నీ విప్పేసరికి అత్తగారు కొయ్యబారిపోయారు. కందిపోయిన నా మొహం చూసి, "అయ్యో, నిజమేనా బాబూ!" అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఉన్న పదిరోజులూ బజారు పనులన్నీ ఆవిడే చేశారు. నన్ను అంత తిట్టినవాళ్లూ, అంత ప్రేమగా చూసినవాళ్లూ ఇంకొకరు లేరు. ఆవిడొచ్చిన మూడోరోజు నుంచే ఎండకి దద్దుర్లు రావడం మానేశాయని చెప్పే ధైర్యం మాత్రం ఇప్పటికీ రాలేదు.