అనుమానంతో బాగుచేసిన బండి

మొన్న మంగళవారం పొద్దున్న మా అక్క ఫోన్ చేసి, "మీ బావ పోయాడురా" అంది.

నేను, "ఎవరు చెప్పారు?" అన్నాను.

సొంత అక్క మొగుడు పోయాడంటే అడగాల్సిన మాట కాదది. కానీ ఏళ్ల తరబడి ఆయనతో తిరిగినవాడికి ఆ ప్రశ్నే ముందు నోటికొస్తుంది. ఎవరేం చెప్పినా ఆయన అడిగేది అదే: "ఎవుడు సెప్పాడు? ఆడు సూసాడా?" ఏట్లోకి నీళ్లొచ్చాయన్నా, ధాన్యం ధర పెరిగిందన్నా, ఎవరింట్లోనో కవలలు పుట్టారన్నా అదే.

అక్కకి కోపం రాలేదు. "ఎవులూ సెప్పలేదురా. నానే సూసాను. టీ అట్టుకెళ్లి లేపితే లేవలేదు" అంది. అప్పుడు నమ్మాను. బొబ్బిలి నుంచి నరసన్నపేట దగ్గర వాళ్ల ఊరికి రెండు బస్సులు మారి వెళ్లాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అందరూ మంచే రాస్తారు. ఆ పద్ధతి మీద కూడా ఆయనకి అనుమానమే. పేపర్లో ఎవరి మీదనైనా స్మృతి వ్యాసం వస్తే నేను చదివి వినిపించేవాణ్ని. సగంలో ఆపేవాడు. "ఇన్ని మంచి మాటలు బతికున్నప్పుడు ఎందుకనలేదంట? ఏటో ఉన్నాది" అనేవాడు. కాబట్టి ఇది జాగ్రత్తగా రాస్తున్నాను. ఎక్కడైనా పొగడ్త దొర్లితే పాఠకులు అనుమానించండి. ఆయన సంతోషిస్తాడు.

మా బావ వరి పండించిన రైతు. మా ఇంటికి పెళ్లిచూపులకి వచ్చినప్పుడు ముందు పెరట్లోకెళ్లి, మా నూతిలో చేద వేసి, నీళ్లు తోడుకుని తాగి చూసాడట. పిల్లని తర్వాత చూసాడు. "నాకన్నా నూతినే ఎక్కువసేపు సూసాడు" అని అక్క ఈ మధ్య వరకూ దెప్పేది. ఆ చేద వెనక ఇంకో కథ ఉంది గానీ, అది మొదలుపెడితే బండి వెనకబడిపోతుంది. రేడియోలో వాన అంటే వాకిట్లోకెళ్లి చూసొచ్చేవాడు. మందుల షాపు కుర్రాడు మాత్రలిస్తే పాత అట్ట జేబులోంచి తీసి, రెండూ ఎండలో పక్కపక్కన పెట్టి రంగు పోల్చేవాడు. ఆయన్ని నమ్మించడం కష్టం. మోసం చేయడం ఇంకా కష్టం.

ఇక బండి. ఏడుగురు పట్టే పెద్ద బండి, డీజిల్‌ది. పెళ్లిళ్లకి తిప్పే ఒకాయన దగ్గర పాతదే కొన్నాడు. అమ్మేవాడు మీటరు చూపించి, ఎంత తక్కువ తిరిగిందో చూడమన్నాడు. మా బావ మీటరు చూడలేదు. కిందకి వంగి బ్రేకు పెడలు చూసాడు. రబ్బరంతా అరిగి ఇనుము మెరుస్తోంది. "మీటరు అబద్దమాడతాది. పెడలు ఆడదు" అన్నాడు. అమ్మేవాడి ముఖం మాడిపోయింది. అయినా మా బావ దాన్నే కొన్నాడు. అదేమిటని అడిగితే, "దీని దొంగతనం ఏటో నాకు తెలిసిపోనాది. ఇంకో బండి కొంటే దాన్ది మళ్లీ మొదట్నుంచి ఎతుక్కోవాల" అన్నాడు. ఆ తర్వాత అది మీటరు ఆగిపోయేదాకా తిరిగింది. ఆగినా తిరిగింది.

మూడేళ్ల కిందట అక్క పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది గానీ, అప్పట్నుంచి వంగి కూర్చోలేదు, కాలెత్తి ఎక్కలేదు. మేనకోడలి చిన్న కారులో కూర్చోబెడితే గోతిలో దింపుతున్నట్టు కేక పెట్టింది. ఆటోలో కుదుపులకి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈ పెద్ద బండి ముందు సీటు మాత్రం సరిగ్గా ఆవిడ నడుమెత్తున ఉంది. వీపు తిప్పి ఆనుకుని, ఒక్క నెట్టు నెట్టుకుంటే కూర్చున్నట్టే. డాక్టరు శ్రీకాకుళంలో. ఆ సీటుంటేనే అక్క గుమ్మం దాటుతుంది. లేకపోతే మంచమే.

సరిగ్గా అప్పుడే బండి పదిహేనేళ్ల గడువు దగ్గరపడింది. పరీక్షకి నిలబడి పాసయితే రోడ్డు మీద, లేకపోతే తుక్కులో. బండి చూస్తే కింద రేకు సముద్రం గాలికి తుప్పు పట్టింది, స్ప్రింగులు వాలిపోయాయి, ఇంజను తెల్లగా పొగ కక్కుతోంది. కూతురూ అల్లుడూ కలిసి షోరూముకి తీసుకెళ్లారు. కొత్తవాటిలో ఒకదాని సీటు అక్కకి పల్లమైంది, ఇంకోదాని సీటు మిద్దె అయింది. మా బావ పాత బండికి ఎంతిస్తారని అడగలేదు. "దీన్ని అట్టుకెళ్లి మీరేటి సేస్తారు?" అని అడిగాడు. తుక్కు కింద వేస్తామన్నారు. బయటికొచ్చాక నాతో, "తుక్కయితే నాకు డబ్బెందుకిస్తాడ్రా? ఏటో ఉన్నాది" అన్నాడు.

సరేనని బాగుచేయమని హైవే పక్కన ఒక మెకానిక్ షెడ్డులో ఇచ్చాడు. షెడ్డులో వాళ్లు లోపలికి రానివ్వలేదు. రోజంతా గేటు బయట స్టూలు మీద కూర్చుని, బయటికొచ్చే ప్రతివాడి చేతులూ చూసాడట. బండి ఇంటికొచ్చాక బ్యాటరీ మార్చేసారన్నాడు. మార్చారో లేదో నాకు తెలీదు. పాత బ్యాటరీ ముఖం గుర్తుపట్టగలిగింది ఈ లోకంలో ఆయనొక్కడే. కానీ అక్క కూర్చునే బండిని ఇంకొకడి చేతికివ్వనని ఆ రోజే తేల్చేసాడు.

తర్వాత నాకు ఫోను. "ఒరే బామ్మర్దీ, బేగి రా. బండి ఇప్పుతన్నాను."

అల్లుడికి ఇంజను పనులు కాస్తో కూస్తో తెలుసు. నాకు సైకిలు గొలుసు వేయడం కూడా సరిగ్గా రాదు. మరి నన్నెందుకు పిలిచినట్టు? దీన్లో ఏదో ఉందనుకుంటూనే వెళ్లాను. అడిగేసాను కూడా.

"నీకేటీ రాదు. ఏటీ రానోడు ఏదీ మార్చలేడు" అన్నాడు.

పని కళ్లంలో. బోరు మోటారు పైకి లాగే మూడు దుంగల్ని నిలబెట్టి, వాటి మధ్య గొలుసు కప్పీ కట్టి, ఇంజను పైకి లాగాం. మా బావ ఒక్కో సామాను విప్పి గోనె మీద వరసగా పేర్చాడు. అంతా అయ్యాక ఇంట్లోకెళ్లి సున్నం కలిపిన గిన్నె, చెక్క అచ్చు పట్టుకొచ్చాడు. కళ్లంలో ధాన్యం రాశి పోసాక, తెల్లారేసరికి ఎవరూ చెయ్యి పెట్టకుండా రాశి చుట్టూ ముద్రలు వేస్తారు కదా, ఆ అచ్చు. ముద్ర చెదిరితే దొంగ పడ్డట్టు. మా బావ ఆ అచ్చుతో ఇంజను సామాన్లన్నిటి మీదా ముద్రలు కొట్టుకుంటూ పోయాడు.

"బావా, పిస్టన్ ఎవడెత్తుకుపోతాడు?" అన్నాను.

"వడ్లెవుడు ఎత్తుకుపోతాడని మీ తాత కూడా అనుంటాడు. అందుకే మీకు గాదె లేదు" అన్నాడు.

రెండ్రోజులకి చూస్తే తెల్లటి అల్యూమినియం మూతల మీద సున్నం తినేసి, ముద్రలు గుంటలు పడిపోయాయి. గరుకు కాగితంతో ఎంత రుద్దినా పోలేదు. వరి రాశికి చేసింది ఇంజనుకి చెల్లదని ఒప్పుకోలేదు. "సున్నం కల్తీది" అన్నాడు. అక్కడ్నుంచి గేటుకి వేసే తెల్ల రంగు, సన్న కుంచె తెచ్చుకున్నాడు. బిగించిన ప్రతి నట్టు మీదనుంచీ కింద ఇనుము మీదకి ఒక గీత గీసేవాడు. ఎవరైనా నట్టు తిప్పితే గీత రెండు ముక్కలవుతుంది. దొంగ పడ్డట్టు.

తుప్పు ఎక్కడిదాకా పాకిందో తెలియక తికమకపడుతుంటే నేనూ ఒక మాట సాయం చేసాను. మా బొబ్బిలిలో వీణలు చేసేవాళ్లు పనస దుంగని కొనే ముందు వేలి కణుపుతో తట్టి చెవి పెడతారు. గట్టి చెక్క ఒకలా పలుకుతుంది, పుచ్చు ఇంకోలా. అది చెప్పాను. మా బావ నమ్మలేదు, కానీ చిన్న సుత్తితో బండి కింద చట్రమంతా తట్టాడు. రెండు చోట్ల గుడ్డలో కొట్టినట్టు వినిపించింది. గీరితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. వెల్డింగు మనిషిని పిలిచి, పక్కనే నిలబడి కొత్త రేకు అతికించాడు. "మీ బొబ్బిలోళ్లకి సెవులున్నాయి" అన్నాడు. ఆయన నోట నేను విన్న పెద్ద మెప్పు అదే.

బండి మళ్లీ నిలబడింది. పొగ తగ్గింది. ఊళ్లో ఒక చుట్టు తిప్పుకొచ్చి, మా బావ టార్చి పట్టుకుని కిందకి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక తువ్వాలుతో ముఖం తుడుచుకుని నావైపు చూసాడు.

"స్టీరింగు కడ్డీ నట్టు మీద గీత సెదిరింది. ఎవులో ముట్టుకున్నారు."

"ఇక్కడున్నది మనిద్దరమే కదా" అన్నాను.

"నానూ అదే అంటన్నాను."

చేతులు కడుక్కుని, చొక్కా వేసుకుని బయల్దేరాను. అక్క వాకరు పట్టుకుని గుమ్మందాకా వచ్చింది. "కంచంలో పెట్టేసాన్రా, తిని ఎల్లు" అంది. తినలేదు. అక్క ఇంట్లో పెట్టిన అన్నం తినకుండా రావడమంటే మా వైపు చిన్న సంగతి కాదు.

బొబ్బిలి వచ్చాక నాకూ అనుమానం మొదలైంది. నట్టు ఆయనే వదులు చేసి నన్ను పరీక్ష పెట్టాడేమో. ఆ పని చేయగల మనిషే. ఆ వారమంతా ఆయన మీద నేను అల్లుకున్న కథలు ఇక్కడ రాయను.

మళ్లీ ఫోను ఆయన దగ్గర్నుంచే వచ్చింది.

"దొంగ దొరికాడు" అన్నాడు.

"ఎవడు?"

"ఎవుడూ కాదు. ఆ నట్టే. బిగించి, గీత గీసి, నానొక్కడినే నరసన్నపేట దాకా తోలాను. వచ్చి సూస్తే గీత సెదిరింది. మళ్లీ బిగించాను. మళ్లీ అదే. లోపల మర అరిగిపోనాది. దానంతటదే ఇప్పుకుంటన్నాది. మీయక్కని కూకోబెట్టి హైవే ఎక్కుంటే..."

అక్కడ ఆగిపోయాడు. ఆయన ఒక మాట మొదలుపెట్టి పూర్తి చేయకపోవడం నేనెప్పుడూ వినలేదు. తప్పయిందనలేదు. "నీ అన్నం ఇక్కడే ఉన్నాది. వచ్చి తిను" అన్నాడు. వెళ్లి తిన్నాను. ఆ రోజు అక్క వంకాయ ఎండురొయ్యలు వండింది.

నన్ను అనుమానించి గీసిన గీత ఇనుముని పట్టించింది, అక్కని కాపాడింది. ఇందులో నీతి ఏమిటో నాకు తెలీదు. ఉందనేవాళ్ల మీద నాకు అనుమానం.

కొత్త కడ్డీ వేసాక పరీక్షకి తీసుకెళ్లాం. బ్రేకు ఇనస్పెక్టరు ఒక చుట్టు తోలి, కిందకి వంగి చూసి, ఈ తెల్ల గీతలేంటని అడిగాడు. "నా గుర్తులు" అన్నాడు మా బావ. ఆయన నవ్వి పాస్ చేసాడు. దారంతా మా బావ ముఖం ముడుచుకునే ఉన్నాడు. "ఇంత బేగి ఒగ్గీసాడేటి? సరిగ్గా సూడలేదు" అన్నాడు. ఇంటికొచ్చి తనే మళ్లీ కిందకి దూరి అన్నీ చూసుకున్నాడు. అక్క ఆ బండిలో నెల నెలా శ్రీకాకుళం వెళ్లొచ్చింది. దారిలో కిటికీ దించి, తెలిసినవాళ్లు కనబడితే బండి ఆపించి మరీ మాట్లాడేది.

ఈ ఏడు ఆయనకి ఆయాసం పట్టుకుంది. బండి తోలొద్దన్నాడు డాక్టరు. ఇంకో డాక్టరుకి చూపించుకున్నాడు. ఆయనా అదే అన్నాడు. "ఇద్దరూ ఒకే కాలేజీలో సదివుంటారు" అన్నాడు గానీ, మెట్లెక్కేటప్పుడు సగంలో నిలబడాల్సి వచ్చాక తోలడం మానేసాడు. అక్కని ఎవరి చేతిలో పెట్టాలన్నది మిగిలింది. జీతానికి డ్రైవర్లని పిలిపించాడు. ఒకడు చెప్పులు విప్పకుండా ఎక్కాడని, ఇంకొకడు గేరు మీదనుంచి చెయ్యి తీయడం లేదని పంపేసాడు. చివరికి తాళం నా ముందు పెట్టాడు.

"నువ్వు మెల్లగా తోల్తావు. పిరికోడివి. అది సాలు."

పోయిన నెల మొదటిసారి నేను తోలాను. అక్క ముందు సీట్లో, ఆయన వెనక. వెళ్లేటప్పుడు మెడ మీద ఊపిరి తగిలేంత ముందుకి వంగి కూర్చున్నాడు.

"ముందు లారీ ఉన్నాది. సూసావా?"

"చూసాను బావా."

"ఆడికి బ్రేకు లైటెలగదు. నమ్మకు."

"నమ్మను."

"వంతెన మీద పక్కనోడు గాని..."

"నువ్వు మాటాడకుండా కూకో. ఆడు తోలతాడు" అంది అక్క.

డాక్టరు పని అయి తిరిగొస్తుంటే, శ్రీకాకుళం దాటాక వెనక నుంచి మాట లేదు. నన్ను పరీక్ష పెడుతున్నాడనుకుని ఇంకా మెల్లగా తోలాను. ముందు ఒక ట్రాక్టరు అడ్డొస్తే హారన్ మీద చెయ్యి వేసాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"కొట్టకు. మీ బావ తొంగున్నాడు."

అద్దంలో చూసాను. తల ఒక పక్కకి వాలిపోయి, నోరు తెరుచుకుని ఉంది.

"ఇంకొకడు తోలే బండిలో ఈయన కన్ను మూయడం నానెప్పుడూ సూడలేదురా" అంది అక్క చిన్నగా.

వాకిట్లోకి వచ్చి బండి ఆపాను. ఇంజను ఆపబోతే అక్క మళ్లీ చెయ్యి పట్టుకుంది. ఆపితే ఆ నిశ్శబ్దానికి లేస్తాడని. సరేనని అలాగే వదిలేసాను. కోళ్లు ముందు చెదిరిపోయి, తర్వాత ఒక్కొక్కటే వచ్చి బండి నీడలో చేరాయి. మేమిద్దరం వెనక్కి తిరగకుండా, మాట్లాడకుండా కూర్చున్నాం. ఇంజను తిరుగుతూనే ఉంది. ఆ వణుకుకి ఆయన భుజం మీది తువ్వాలు అద్దంలో కొంచెం కొంచెంగా జారుతోంది.